ఉతికిన గలీబు

పిలుస్తారు, పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నారు, కూర్చున్నాను. కోర్టు హాలు తలుపుకి పచ్చరంగు వేసి ఎన్నేళ్లయిందో గానీ చెయ్యి ఆనే చోట రంగంతా పోయి చెక్క నున్నగా మెరుస్తోంది, ఎంతమంది తల్లులు దాన్ని తోసుకుని లోపలికి వెళ్లి ఉంటారో. లోపల చిన్నోడున్నాడు. నా కొడుకు. నాకు పుట్టింది వాడొక్కడే అయినా మా అత్తగారు చిన్నోడా అని పిలిచేది, ఆవిడ పోయింది, పిలుపు మిగిలింది, ఇప్పుడు ఆరడుగుల మనిషై బోనులో నిలబడ్డా వాడు నాకు చిన్నోడే. ఇంకాసేపట్లో బంట్రోతు బయటికొచ్చి నా పేరు కేకేస్తాడు. ప్రభుత్వం తరఫు వకీలు బల్ల మీది తుపాకీ చూపించి, ఇది మీకు ఎక్కడ దొరికిందమ్మా అని అడుగుతాడు. మా అబ్బాయి దిండులో అని నేనంటే వాడు జైలుకి. గుర్తులేదు, ఆ దిండు ఎవరిదో చెప్పలేను అంటే వాడు ఇంటికి. అంతే. ఇంత పెద్ద భవనం, ఇన్ని నల్లకోట్లు, ఇన్ని బీరువాలు, అన్నీ వచ్చి నా నాలుక చివర కూర్చున్నాయి. నాలుకేమో పొద్దుటినుంచి ఎండిపోయి అంగిటికి అతుక్కుంది. ఆ మూల నీళ్ల డబ్బా ఉంది, దాని గ్లాసుని గొలుసుతో కట్టేశారు, కోర్టుకి కూడా గ్లాసుల దొంగలు తప్పలేదన్నమాట. లేచి వెళ్లి గుక్కెడు తాగొచ్చు, కానీ లేచినప్పుడే పిలిస్తే, నేను లేనని ఇంకేదో రాసేసుకుంటే? దాహం ఎక్కడికీ పోదులే, కూర్చుంటాను.

అబద్ధమే చెబుతాను. తేల్చేసుకున్నాను. వారం నుంచి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతూ అదే సాధన, ఒక మడతకి గుర్తులేదండీ, ఇంకో మడతకి చెప్పలేనండీ. మా పక్కన మిషను తిప్పే ఆవిడ, ఎవరితోనే నీలో నువ్వు మాట్లాడుకుంటున్నావు, పిచ్చి పట్టిందా అంది. పట్టకేం చేస్తుంది. గుర్తులేదు అనే మాట ఎంత చిన్నది, పసిపిల్లలు కూడా అనేస్తారు, పెద్ద పెద్ద వాళ్లు ఇదే కోర్టులో నవ్వుతూ అనేసి కార్లెక్కి పోతారు. నేను అనలేనా? నా కొడుకు కోసం? వాడికి జ్వరమొస్తే నాకు రావాలని మొక్కిన దాన్ని, ఒక్క మాట మార్చలేనా? మారుస్తాను. గుర్తులేదండీ. అండీ అంటే నమ్ముతారా, అనకపోతే నమ్ముతారా? వకీలు మొహంలోకి చూడాలా, నేలకేసి చూడాలా? నేలకేసి చూస్తే అబద్ధమని తెలిసిపోతుందేమో, చూడకపోతే పొగరనుకుంటారేమో. చిన్నోడికేసి మాత్రం చూడకూడదు. చూశానా, పుట్టి మునిగినట్టే.

ఎదురు బెంచీ మీద తాళాలాయన కూర్చున్నాడు. అటూ ఇటూ ఒక్కో పోలీసు. తెల్ల చొక్కా, మడత నలగలేదు, ఇస్త్రీ ఎవరు చేశారో గానీ కాలరు దగ్గర చక్కగా పట్టింది. చేతిలో టీ కప్పు. ఆయనకి టీ ఇప్పించారు, నాకు నీళ్లయినా కావాలా అని అడిగినవాడు లేడు. మా వీధిలో ఏ తలుపు తాళమైనా ఆయన చెయ్యి పడిందే. తాళంచెవి పారేసుకుంటే క్షణంలో ఇంకోటి కోసిచ్చేవాడు, ముసలివాళ్లయితే ఇంటికొచ్చి మరీ గొళ్లెం బాగుచేసేవాడు. మా ఇంటి చెవి కూడా ఆయన కోసిందే, ఇప్పుడు నా సంచీలో ఉంది. ఆ కొట్టులో బల్ల కింద, చెవుల డబ్బాల వెనకాల, తుపాకులు అమ్ముతున్నాడని ఎవరు కలగన్నారు? పోలీసులకి తెలుసని ఇప్పుడు అందరూ అంటున్నారు, మాకు ముందే అనుమానమని కూడా అంటున్నారు, అయ్యాక అందరూ జ్యోతిష్కులే. మా చిన్నోణ్ణి వంతెన మీద ఎవరో కొట్టి బండి లాక్కున్నారు, పార్శిళ్లు చేరవేసే బండి, పై పన్ను విరిగింది, మూతి వాచిపోయి వారం రోజులు గంజి తాగాడు. ఆ వాచిన మూతితో కొత్త బండికి తాళం వేయించుకుందామని వెళితే ఆయన జాలిపడ్డాడట. ఇది దగ్గర పెట్టుకోరా అబ్బాయ్, కాల్చనక్కర్లేదు, చూపిస్తే చాలు అన్నాడట. జాలి! ఆ జాలి మీద మన్ను పొయ్య.

ఆయనిప్పుడు ముద్దాయి కాదు. సాక్షి. అప్రూవరు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఏదో పెద్ద ఉద్యోగం అనుకున్నాను. చిన్నోడికి కోర్టువాళ్లే ఇచ్చిన వకీలమ్మాయి విడమర్చి చెప్పింది. పైన ఉన్న పెద్ద అమ్మకందార్ల సంగతంతా తాళాలాయనకి తెలుసు, ఎక్కడ తయారవుతాయో, ఏ లారీలో వస్తాయో, ఎవరు పంచుతారో, అంతా చెబుతానన్నాడు, అందుకని ఆయన్ని క్షమించారు. మరి చిన్నోడు కూడా చెబుతాడు కదమ్మా, తెలిసినదంతా చెబుతాడు అన్నాను. వాడికి తెలిసింది తాళాలాయన ఒక్కడే కదండీ, ఆయనే వీళ్ల దగ్గర ఉన్నాడు అంది. అంటే ఎక్కువ తప్పు చేసినవాడికి చెప్పడానికి ఎక్కువ ఉంది, కాబట్టి వాడికి తక్కువ శిక్ష. నా కొడుకుకి అమ్ముకోవడానికి చిన్న ముక్క కూడా లేదు, కాబట్టి మొత్తం శిక్ష వాడికే. ఆ పిల్ల నా మొహం చూసి తల దించుకుంది. చిన్న పిల్ల, దాని తప్పేముంది.

ఆ రోజు చిన్నోడి దిండు ఎత్తగానే నాకు బరువు తెలిసింది. రోజుకి వందల దిండ్లకి గలీబులు తీసి తొడిగే చేతులివి, మోసపోవు. ఆస్పత్రిలో పాతబడి లెక్కలోంచి కొట్టేసిన దుప్పట్లని మేం తలా కొంచెం తెచ్చుకుంటాం, వాటితో కుట్టిన గలీబు అది, మూలన ఆస్పత్రి ముద్ర ఇంకా ఉంది. లోపల చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. బయటికి తీసి చూడనైనా లేదు, గలీబుతోనే చుట్టేశాను, అన్నం గిన్నె సంచీలో పెట్టుకుని బస్సెక్కాను, పక్క సీటావిడ ఏం కూర ఇవాళ అని అడిగితే వంకాయ అన్నాను. అదిగో, అబద్ధం వచ్చింది కదా ఆ రోజు? వచ్చింది. కాదు, వంకాయ కూడా ఉంది సంచీలో. స్టేషన్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. వాణ్ణి ఒక్క మాట అడగొచ్చుగా ముందు, అంటాడు మా ఆయన. అడిగితే వాడు దాన్ని ఇంకో చోట దాచేవాడు, దాచాక నేను చచ్చేదాకా వెతుక్కునేదాన్ని. ఆ స్టేషన్ ఆఫీసరు వాళ్లమ్మ మా వార్డులో నెల్లాళ్లు పడుకుంది, ఆవిడ పక్క నేనే మార్చేదాన్ని, ఆ చనువుతో వెళ్లాను. ఆయన సంచీలోకి చూసి తలుపు మూశాడు. కుర్చీ వేశాడు. నీళ్లిచ్చాడు. అప్పుడన్నాడు, నా చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

"అక్కా, మంచి పని చేశావు. మాకు కావాల్సింది అమ్మినవాడు, నీ కొడుకు కాదు. వాణ్ణి సాక్షిగా పెట్టుకుంటాం, నాదీ పూచీ."

నాదీ పూచీ. ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. ఎందుకు తీసుకెళ్లానో ఆయనకి చెప్పనక్కర్లేకపోయింది, చెప్పినా ఎలా చెబుతాను? బస్టాండులో టిక్కెట్లిచ్చే అమ్మాయి దుప్పటి గురించి చెప్పాలి. ఎవరో ఎవరినో కాల్చబోతే గుండు కిటికీలోంచి వచ్చి దానికి తగిలింది. ఆపరేషను గదినుంచి దుప్పటి కిందికి మా దగ్గరికే వస్తుంది, ఎవరిదైనా అంతే. నెత్తురుకి చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలితే మరక అక్కడే ఉండిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టాను, నీళ్లు పారబోశాను, మళ్లీ నానబెట్టాను, ఎన్నిసార్లు పోసినా ఎర్రగానే వచ్చాయి, పిల్లంతా అందులోనే ఉందా అనిపించింది. మడతల్లో నీలం రంగు తలక్లిప్పు దొరికింది. వాళ్లమ్మ వచ్చి పట్టుకెళ్లింది. ఏడవలేదు ఆవిడ, క్లిప్పు నొక్కి వదిలి, నొక్కి వదిలి చూసుకుంది, స్ప్రింగు బాగానే ఉందమ్మా అంది నాతో. దిండులో చల్లగా తగిలినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ టిక్ టిక్ చప్పుడు. ఆ పిల్లని చంపిన తుపాకీ కూడా తాళాలాయన కొట్టునుంచే వెళ్లిందని ఆ తర్వాత తేలింది. ఇవాళ నేను గుర్తులేదంటే ఆవిడ ఏమనుకుంటుంది? అనుకోనీ. ఆవిడ కూతురు పోయింది, నా కొడుకు బతికున్నాడు, బతికున్నవాణ్ణి కాపాడుకోవద్దా? ఛీ, ఎలాంటి మాట వచ్చింది నా మనసులోకి.

ఎవరో దగ్గారు. తలుపు కదిలింది. కాదు, ఫైళ్ల బండి తోసుకుంటూ ముసలి గుమాస్తా బయటికొచ్చాడు, చక్రం ఒకటి కిర్రుమంటోంది. నా సంచీకి తగిలి సారీ అమ్మా అన్నాడు. ఇవాళ నాతో మర్యాదగా మాట్లాడిన మనిషి ఈయనొక్కడే. సంచీలో గలీబుంది. అదే గలీబు. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చాను. దీని కథ వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. తుపాకీ తీసుకుని స్టేషన్ ఆఫీసరు గలీబు తిరిగిచ్చేశాడు, ముద్ర చూసి, అయ్యో ఆస్పత్రి సొత్తు అక్కా, మళ్లీ నిన్ను అడుగుతారు అన్నాడు. మంచితనం! నేనేం చేస్తాను, నూనె మరక పడింది, మరక పడిన బట్టని ఇంట్లో ఉంచుకునే అలవాటు నాకు లేదు. నూనెకి వేడినీళ్లు. సబ్బు పెట్టి రుద్ది, ఉతికి ఆరేశాను. పది రోజులకి రాజధాని నుంచి ప్రత్యేక దళం వచ్చింది, తుపాకుల కేసులన్నీ ఇక రాష్ట్రం వాళ్లూ స్థానిక స్టేషన్ వాళ్లూ కలిసి చూస్తారట. ఆ దళం ఆఫీసరమ్మ మొదట అడిగిన ప్రశ్న, తుపాకీ చుట్టిన బట్ట ఏది అని. దాని మీద చిన్నోడి వెంట్రుకలుంటాయట, చెమట ఉంటుందట, కొట్టులో వాడే నూనె ఉంటుందట, అదొక్కటి ఉంటే ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదట. బీరువాలోంచి తీసిచ్చాను. తెల్లగా, మడత మీద మడత, నీలిమందు కూడా పెట్టాను. ఆవిడ దాన్ని వాసన చూసి కళ్లు మూసుకుంది. తర్వాత జరిగింది చూడాలి. మీరు ఎందుకిచ్చారని దళం వాళ్లు స్టేషన్ మీద, మీరు వస్తున్నారని మాకు చెప్పారా అని స్టేషన్ వాళ్లు దళం మీద, చివరికి ఇద్దరూ ఒక్కమాట మీదికొచ్చారు, ఉతికింది ఈవిడ. అదొక్క దాంట్లో బాగా కలిశారు. గలీబు పోయింది గనక ఇప్పుడు నా నోరు కావాలి. అప్రూవరు మాట ఒక్కటే చాలదట, ఒంటరిగా నిలబడదట, దానికి ఇంకో మాట ఊతం ఉండాలట. తాళాలాయన మాటకి నా మాట ఊతం! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు.

చిన్నోణ్ణి పట్టుకెళ్లాక, పూచీ సంగతి ఏమైందని తిరగని రోజు లేదు. స్టేషన్ ఆఫీసరు కుర్చీ వెయ్యడం మానేశాడు, నిలబడే మాట్లాడాడు, కేసు ఇప్పుడు పైవాళ్ల చేతిలో ఉందక్కా అన్నాడు. పైవాళ్ల దగ్గరికి వెళ్లాను, రాజధాని ఆఫీసరమ్మ దగ్గరికి, లిఫ్టు పనిచెయ్యని భవనం, మెట్లన్నీ ఎక్కి. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆవిడకీ పిల్లలున్నట్టున్నారు, బల్ల మీద రంగు పెన్సిళ్లు ఉన్నాయి.

"ఆ మాట మాదాకా రాలేదమ్మా. మేం చూసేది అమ్మకాల కేసు. తుపాకీ దగ్గర ఉంచుకున్న కేసు స్టేషన్‌ది, దాంట్లో మేం వేలు పెట్టం."

అమ్మకాలు వీళ్లవి, ఉంచుకోవడం వాళ్లది, నేనెవరిదాన్నో చెప్పినవాళ్లు లేరు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పాపంలో కూడా ఎవరి పిడికిలీ తెరుచుకోలేదు. ఆ తర్వాత టీవీలో చూశాను, పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి తుపాకులు వరసగా పేర్చారు, ఇద్దరు పెద్ద ఆఫీసర్లు చేతులు కలిపి నవ్వుతూ ఫొటోకి నిలబడ్డారు, ఇకమీదట చేయీ చేయీ కలిపి పనిచేస్తామన్నారు. నా కళ్లు ఆ గుడ్డ మీదే ఉన్నాయి, అంచు సరిగా ఇస్త్రీ చెయ్యలేదు. మా ఆయన టీవీ కట్టేశాడు. గోడౌను కాపలా డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగి, కన్నదానివేనా నువ్వు అన్నాడు. అరవలేదు. అప్పటినుంచి తన కంచం తనే కడుక్కుంటున్నాడు, ఇవాళ కోర్టుకీ రాలేదు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

చిన్నోడు మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నన్ను తినేస్తోంది. జైల్లో ఇనప జాలీకి అవతల నిలబడి, తిన్నావా అంటాడు, నడుం నొప్పి తగ్గిందా అంటాడు, నోట్లోనేమో విరిగిన పన్ను నల్లబడింది. తిట్టరా, నీ అమ్మని, తిట్టు అన్నాను ఒకసారి. నవ్వాడు. నువ్వేం చేస్తావులే అమ్మా, నీకు రాదు కదా అన్నాడు. ఏం రాదు నాకు? అప్పుడు అర్థం కాలేదు, మధ్యలో గంట కొట్టేశారు. చిన్నప్పుడు లాండ్రీకి తీసుకెళితే ఆరేసిన దుప్పట్ల మధ్య దాక్కునేవాడు, మిగతా ఆయాల పిల్లలొచ్చి పిన్నీ, చిన్నోడు ఎక్కడున్నాడు అంటే నాకు తెలియదర్రా అనేదాన్ని, అయినా పట్టేసేవాళ్లు. వాడొచ్చి నా చీర పట్టుకుని, నువ్వు చెప్పేశావు అని ఏడుపు. నేనేం అనలేదురా. నోటితో అనలేదు, నీ కళ్లు నా దుప్పటికేసే చూశాయి అనేవాడు. మూడో వరస, తడి ఆరని పెద్ద దుప్పటి, కింద బుజ్జి పాదాలు. చూడకుండా ఎలా ఉంటాను? అవి నా పాదాలే కదా. గుర్తులేదండీ. ఆ దిండు ఎవరిదో చెప్పలేనండీ. ఇవాళ వాడికేసి చూడను, ఒట్టు, జడ్జిగారి వెనక గడియారం ఉందట, దాన్నే చూస్తాను, ముళ్లు చూస్తూ చెప్పేస్తాను, తాళాలాయనా, పై వాళ్లూ, ఆ లారీలూ, అంతా పోనీ, అందరూ బయటపడనీ, ఊళ్లో దిండుకో తుపాకీ దాచుకోనీ, నాకేం. నాకేం అనగానే ఆ క్లిప్పు టిక్కుమంది. దేవుడా, ఎవరినైనా పంపించి నన్ను ఇక్కణ్ణించి లేపు.

తలుపు తెరుచుకుంది. బంట్రోతు కాదు, వకీలమ్మాయి. నేను అప్పటికే లేచి నిలబడ్డాను, సంచీ చంకలో పెట్టుకుని, కొంగు సర్దుకుని. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టింది. ఇంక మిమ్మల్ని పిలవరమ్మా అంది. మీ అబ్బాయి ఒప్పేసుకున్నాడు. నేనెంత సైగ చేసినా వినలేదు, జడ్జిగారు రెండుసార్లు అడిగారు, ఆలోచించుకోమని కూడా అన్నారు. తుపాకీ నాదే, నా దిండులోదే అన్నాడు. కనీస శిక్ష చట్టంలోనే రాసి ఉంది, అంతకన్నా తగ్గించడం జడ్జిగారి చేతిలో కూడా లేదట, ఎక్కువ పడకుండా చూస్తానంది. ఎన్నేళ్లో చెప్పింది. వినలేదు నేను. ఎదురుగా పోలీసులు తాళాలాయన్ని లేపుతున్నారు, ఇవాళ్టికి ఆయన పని కూడా లేదట, టీ కప్పు బెంచీ కింద జాగ్రత్తగా పెట్టి, నాకేసి చూసి తలాడించి మెట్లు దిగిపోయాడు. ఎందుకు ఒప్పుకున్నాడమ్మా, ఎందుకు, ఇంకొక్క క్షణం ఆగితే నేను వచ్చేదాన్ని కదా అన్నాను. ఆ పిల్ల చెప్పనా వద్దా అని కాసేపు గోరు గిల్లుకుంది.

"మా అమ్మని పిలవకండి సార్, అమ్మకి అబద్ధం రాదు, నాకోసం ఆడాలని వచ్చి ఉంటుంది, ఆడలేక అందరి ముందూ కూలబడిపోతుంది. అదొక్కటి నేను చూడలేను అన్నాడమ్మా."

రాదా? నాకు రాదా? ఎవడురా చెప్పాడు నీకు? వారం రోజులు చేశాను సాధన. ఆ పిల్ల చెయ్యి విదిలించుకున్నాను, తలుపు దగ్గరికి వెళ్లాను, రంగు పోయిన చోటే నా చెయ్యీ పడింది, నన్ను పిలవమను, నేను చెబుతాను, ఇప్పుడే చెబుతాను అన్నాను. బంట్రోతు అడ్డం నిలబడ్డాడు. వెనకనుంచి ఆ పిల్ల, అలసిపోయిన గొంతుతో, ఏం చెబుతారమ్మా, ఆ తుపాకీ మీకు ఎక్కడ దొరికింది అంది.

"మా అబ్బాయి దిండులో."

నా నోరే. నేను అనుకోకముందే అనేసింది. బంట్రోతు తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ పిల్ల మెల్లగా, వాణ్ణి అటువైపు తలుపునుంచి తీసుకెళ్లిపోయారమ్మా, ఇవాళ ఇక కనిపించడు అంది. సంచీలోంచి గలీబు తీశాను, ఇదైనా ఇప్పించమ్మా, వాడికి కొత్త దిండు మీద నిద్ర పట్టదు, ఉతికే తెచ్చాను అన్నాను. పట్టుకుని చూసింది, మూలన ముద్ర మీద వేలు పెట్టింది, మళ్లీ నా చేతిలోనే పెట్టేసింది.

"అక్కడ దిండ్లు ఇవ్వరమ్మా," అంది.